ఒకే అర్థం అనిపించే ఇంగ్లిష్ జాతీయాలు: తేడా అసలు ఎక్కడుంటుంది?

"అవసరానికి చెయ్యిచ్చాడు" అని ఎవరైనా అంటే, నమ్మినవాడు మోసం చేశాడని మనకు వెంటనే తెలిసిపోతుంది. "అవసరానికి చెయ్యందించాడు" అంటే సాయం దొరికిందని. రెండింట్లోనూ ఉన్నది చెయ్యే, ఇవ్వడానికీ అందించడానికీ మామూలుగా పెద్ద తేడా కూడా లేదు, అయినా తెలుగు మాట్లాడేవాళ్లెవరూ ఇక్కడ తడబడరు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వినీ వినీ వచ్చేసింది.

ఇంగ్లిష్ జాతీయాలు మనకు అలా రావు. జాబితాలో వస్తాయి. ఎడమవైపు జాతీయం, కుడివైపు ఒక్క లైన్ అర్థం. "స్పిల్ ద బీన్స్" పక్కన "రహస్యం బయటపెట్టడం" అని ఉంటుంది, రెండు పేజీలు తిప్పితే "లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్" పక్కన కూడా అదే ఉంటుంది. దాంతో రెండూ ఒకటే అనుకుని, ఏది ముందు గుర్తొస్తే అది వాడేస్తాం. చదివేవాళ్లకు వాక్యం ఎక్కడో తేడా కొడుతుంది, కానీ తప్పేంటో చూపించమంటే వాళ్లూ చూపించలేరు.

నా ఉద్దేశంలో చిక్కంతా కుడివైపు ఉన్న ఆ ఒక్క లైన్‌తోనే వస్తోంది. ఏం జరిగిందో అది చెబుతుంది. ఎవరు చేశారు, కావాలని చేశారా, ఏ దశలో, మాట్లాడే మనిషికి దాని మీద కోపమా జాలా, ఎవరి ముందు అనొచ్చు అన్నవేవీ చెప్పదు. దగ్గర దగ్గరగా ఉన్న జాతీయాల మధ్య తేడాలు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

జాతీయం అంటే ఏది, ఏది కాదు

విడివిడి మాటల అర్థాలు కలిపినా మొత్తం అర్థం రాని పదబంధమే జాతీయం. "బీన్స్" తెలుసు, "స్పిల్" అంటే ఒలకబోయడమని తెలుసు, ఆ రెండూ కలిపితే రహస్యం ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. సామెత వేరు, అది తనంతట తానే ఒక పూర్తి మాట, ఒక తీర్పు చెప్పి ఊరుకుంటుంది. జాతీయం వాక్యంలో ఒక ముక్క, దానికి కర్త కావాలి, కాలం కావాలి, చుట్టూ ఒక సందర్భం కావాలి. అందుకే సామెత అర్థం తెలిస్తే చాలావరకు పని అయిపోతుంది. జాతీయానికి అర్థం ఒక్కటే సరిపోదు.

ఒక రహస్యం, ఐదు దారులు

ఒక ఉదాహరణ కాస్త నిదానంగా చూద్దాం. ఉద్యోగం నుంచి రిటైర్ అవుతున్న ఒక పెద్దాయనకు తెలియకుండా వీడ్కోలు సభ ఏర్పాటు చేస్తున్నారు. విషయం ఆయనకు ముందే తెలిసిపోయింది. ఎలా?

ఒకాయన మామూలుగా కబుర్లు చెబుతూ "మరి శనివారం సభకి ఏం వేసుకుంటున్నారు సార్?" అనేశాడు. ఇది నోరు జారడం. ఇంగ్లిష్‌లో దీనికి బాగా అతికేది "లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్". ఎక్కువగా ఇందులో అజాగ్రత్త ఉంటుంది, ఒక్కసారి బయటికొచ్చాక మళ్లీ లోపల పెట్టలేని పరిస్థితి కూడా ఉంటుంది.

అలా కాకుండా పెద్దాయనకే అనుమానం వచ్చి, ఇంకొకర్ని పక్కకు పిలిచి గట్టిగా అడిగితే అతను మొత్తం కక్కేశాడనుకోండి. అది "స్పిల్ ద బీన్స్". చెప్పినవాడికి తాను చెబుతున్నానని తెలుసు. ఒత్తిడికి లొంగి చెప్పి ఉండొచ్చు, ఉత్సాహం ఆపుకోలేక చెప్పి ఉండొచ్చు. "కమాన్, స్పిల్ ద బీన్స్" అని ఎదుటివాణ్ని సరదాగా అడగొచ్చు కూడా. "లెట్ ద క్యాట్ అవుట్" అని ఎవర్నీ అడగరు, పొరపాటు చెయ్యమని ఎవరైనా ఎలా అడుగుతారు? నాకైతే ఈ రెండింటినీ విడదీసే అన్నిటికంటే నికరమైన పరీక్ష ఇదే.

ఎవరూ నోరు విప్పలేదు, కానీ ఆయన గదిలోకి రాగానే అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు, దాంతో ఆయనకు అర్థమైపోయింది. ఇది "గివ్ ద గేమ్ అవే". దీనికి కర్త మనిషే కానక్కర్లేదు, ఒక నవ్వు, ఒక చూపు, బల్ల మీద వదిలేసిన కాగితం కూడా సరిపోతాయి. "హిజ్ స్మైల్ గేవ్ ద గేమ్ అవే" చక్కటి వాక్యం. అదే నవ్వు "స్పిల్ ద బీన్స్" చేసిందంటే చదివేవాళ్లు ఆగిపోతారు.

ఇక సభ కోసం పోగుచేసిన డబ్బులో కొంత ఎవరో నొక్కేశారని కనిపెట్టి, అది చూసిన ఉద్యోగి పై అధికారులకు చెబితే అది "బ్లో ద విజిల్". ఇక్కడ దాచినది తప్పు పని అయి ఉండాలి, లేకపోతే ఈ జాతీయం కుదరదు. వీడ్కోలు సభ సంగతి పెద్దాయనకు చెప్పేసినవాణ్ని విజిల్ బ్లోయర్ అనం. నొక్కేసిన మనిషే వచ్చి "నేనే తీశాను" అంటే అది "కమ్ క్లీన్", తన గుట్టు తానే విప్పడం.

ఐదింటికీ జాబితాలో రాసే అర్థం దాదాపు ఒకటే. ఎవరి రహస్యం, కావాలనా పొరపాటునా, దాచింది మంచా చెడా అని అడిగితే మాత్రం ఐదూ ఐదు చోట్ల నిలబడతాయి.

కష్టం ముందు నిలబడ్డప్పుడు

"బైట్ ద బుల్లెట్", "గ్రిన్ అండ్ బేర్ ఇట్", "ఫేస్ ద మ్యూజిక్", "టేక్ ఇట్ ఆన్ ద చిన్". ఈ నాలుగూ కష్టాన్ని ఎదుర్కోవడం గురించే. ఇక్కడ తేడా తెచ్చేవి రెండు: మన చేతిలో నిర్ణయం ఉందా, తప్పు మనదేనా.

పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, నెలల తరబడి వాయిదా వేస్తూ వచ్చాం, చివరికి గుండె రాయి చేసుకుని ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అది "బైట్ ద బుల్లెట్". ఎప్పటికైనా చెయ్యక తప్పని పనిని ఇక వాయిదా వెయ్యకుండా చేసేద్దామన్న నిర్ణయం అందులో ఉంది. మత్తుమందు లేకుండా ఆపరేషన్ చేసేటప్పుడు సైనికులు తూటాను పళ్ల మధ్య కరిచిపట్టుకునేవారన్న కథ దీనికి బాగా ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, వాడుక మాత్రం బాధ భరించడం మీద కంటే నిర్ణయం మీదే నిలబడి ఉంది.

పక్కింట్లో రిపేర్లు జరుగుతున్నాయి, పొద్దుణ్నుంచి డ్రిల్లింగ్ మోత. మనం చెయ్యగలిగింది ఏమీ లేదు, పంటి బిగువున భరించాలంతే. ఇది "గ్రిన్ అండ్ బేర్ ఇట్". ఇక్కడ "బైట్ ద బుల్లెట్" అన్నామంటే, మనం తీసుకోవాల్సిన నిర్ణయం ఏదో ఉందని ఎదుటివాళ్లు అనుకుంటారు.

"ఫేస్ ద మ్యూజిక్" అంటే చేసినదానికి ఫలితం అనుభవించడం. మనం చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటామే, ఆ దగ్గరి భావం. అందువల్ల జబ్బు చేసిన మనిషి గురించి "షీ హ్యాడ్ టు ఫేస్ ద మ్యూజిక్" అని రాస్తే చాలా దారుణంగా వినిపిస్తుంది, జబ్బు ఆమె చేసిన తప్పుకు శిక్ష అన్నట్టు. రాసినవాళ్ల మనసులో జాలే ఉండొచ్చు, జాతీయం మాత్రం నిందను మోసుకొచ్చేసింది. ఒక్క లైన్ అర్థాలతో నేర్చుకోవడంలో అసలు నష్టం ఇదే.

"టేక్ ఇట్ ఆన్ ద చిన్"లో దెబ్బ అప్పటికే తగిలేసి ఉంటుంది. ఓటమో విమర్శో వచ్చింది, మనిషి సాకులు చెప్పకుండా, గొణుక్కోకుండా దాన్ని స్వీకరించాడు. ఇందులో మెచ్చుకోలు ఉంటుంది.

వెనక్కి తిరగలేని చోటు

"బర్న్ యువర్ బోట్స్" అంటే వెనక్కి వెళ్లే దారి మనమే, తెలిసి, మూసేసుకోవడం. "బర్న్ యువర్ బ్రిడ్జెస్" కూడా ఒకప్పుడు ఇదే అర్థంలో వాడేవారు, ఇప్పటికీ వాడతారు, కానీ ఇవాళ్టి మాటల్లో అది ఎక్కువగా మనుషులతో సంబంధాలు తెంచుకోవడం వైపు ఒరిగింది. ఉద్యోగం మానేస్తూ మేనేజర్‌ని నాలుగు మాటలు అనేసి వచ్చినవాడు బ్రిడ్జి తగలబెట్టుకున్నాడు. ఉన్న ఉద్యోగం వదిలి, దాచుకున్న డబ్బంతా సొంత వ్యాపారంలో పెట్టినవాడు పడవలు తగలబెట్టుకున్నాడు. మొదటిదాంట్లో తెలివితక్కువతనం ధ్వనిస్తుంది, రెండోదాంట్లో తెగింపు.

"క్రాస్ ద రూబికాన్" చరిత్ర నుంచి నేరుగా వచ్చింది. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ తన సైన్యంతో రూబికాన్ నది దాటాడు. సేనాని సైన్యంతో ఆ హద్దు దాటి ఇటలీలోకి రావడం రోమన్ చట్టం ప్రకారం నిషిద్ధం, కాబట్టి దాటిన క్షణమే అంతర్యుద్ధం మొదలైనట్టు. అందుకే ఈ జాతీయం చిన్న విషయాలకు నప్పదు. అందరూ చూస్తున్న ఒక గీత ఉండాలి, దాన్ని దాటడం పెద్ద సంగతి కావాలి. "పాయింట్ ఆఫ్ నో రిటర్న్" దగ్గర మాత్రం నిర్ణయం తీసుకునే మనిషే అక్కర్లేదు. విమానయానంలో, మిగిలిన ఇంధనంతో బయల్దేరిన చోటికి ఇక తిరిగి చేరలేని బిందువుకు ఆ పేరు. కరిగిపోతున్న మంచు గురించి కూడా ఈ మాట వాడతారు. మంచు రూబికాన్ దాటిందని మాత్రం అనరు.

చిన్న మాట మారితే

అర్థంలో కాకుండా రూపంలో దగ్గరగా ఉండేవి ఇంకో గుంపు. వీటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, కానీ పొరపాట్లు ఎక్కువ జరిగేది వీటి దగ్గరే.

"ఆన్ టైమ్" అంటే అనుకున్న సమయానికి. "ఇన్ టైమ్" అంటే ఆలస్యం కాకముందే. పది గంటల రైలు పదింటికి వస్తే అది ఆన్ టైమ్, మనం తొమ్మిదీ యాభైకి చేరుకుంటే రైలెక్కడానికి ఇన్ టైమ్. "ఎట్ ది ఎండ్" అనగానే దేని చివర అన్న ప్రశ్న వస్తుంది, సినిమా చివరో, నెల చివరో. "ఇన్ ది ఎండ్" అంటే ఇన్ని మలుపుల తర్వాత ఎట్టకేలకు అని. "ఆన్ ద వే" దారిలో ఉన్నాడు, "ఇన్ ద వే" దారికి అడ్డంగా ఉన్నాడు. "ఇన్ ఛార్జ్ ఆఫ్" అంటే బాధ్యత చూసేవాడు, మధ్యలో "ద" చేర్చి "ఇన్ ద ఛార్జ్ ఆఫ్" అంటే ఒకరి సంరక్షణలో ఉన్నవాడు. ఒక్క "ద" వల్ల పిల్లవాడు ఆయాకు పైవాడు కూడా అయిపోగలడు.

ఇంకో జంట, "టర్న్ ఎ బ్లైండ్ ఐ", "టర్న్ ఎ డెఫ్ ఇయర్". ఇక్కడ తెలుగు మనకు బాగా సాయపడుతుంది. మొదటిది చూసీ చూడనట్టు వదిలేయడం, అంటే తప్పు జరుగుతుంటే ఆపగలిగీ ఆపకపోవడం. రెండోది పెడచెవిన పెట్టడం, అంటే ఎవరో వేడుకుంటుంటే, హెచ్చరిస్తుంటే పట్టించుకోకపోవడం.

ఎవరి ముందు అనొచ్చు, వ్యాకరణం ఎంతవరకు ఒప్పుకుంటుంది

చావు గురించి ఇంగ్లిష్‌లో చాలా జాతీయాలున్నాయి, "చనిపోవడం" అన్న ఒక్క అర్థం కింద అన్నిటినీ కుక్కితే వచ్చే ప్రమాదం మామూలుది కాదు. "పాస్ అవే" ఓదార్పు ఉత్తరంలో రాయొచ్చు. "కిక్ ద బకెట్" రాయకూడదు, అది వెటకారం కలిసిన వాడుక. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అచ్చువేసిన నిఘంటువులోనే అది ఉంది, ఆ నిఘంటువు మోటు మాటల కోసమే తయారుచేసింది. "గివ్ అప్ ద ఘోస్ట్" ప్రయాణం దీనికి ఎదురు దిశలో సాగింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో అది మనుషులు ప్రాణం విడవడం గురించి గంభీరంగా కనిపిస్తుంది, ఇప్పుడు ఎక్కువగా పాతబడి ఆగిపోయిన వాషింగ్ మెషిన్ గురించి వినిపిస్తుంది.

తేడా మర్యాదతో ఆగదు. "షీ వజ్ డైయింగ్ ఫర్ వీక్స్" అనొచ్చు, వారాల తరబడి చావుబతుకుల్లో ఉందని. అక్కడ "కిక్కింగ్ ద బకెట్ ఫర్ వీక్స్" పెడితే వాక్యం విరిగిపోతుంది, ఎందుకంటే తన్నడం ఒక్క క్షణంలో అయిపోయే పని, జాతీయం కూడా ఆ క్షణాన్నే పట్టుకుని ఉంది. అలాగే "ద బీన్స్ వర్ స్పిల్డ్" అని కర్మణిలోకి మార్చినా రహస్యం అర్థం పోదు. "ద బకెట్ వజ్ కిక్డ్" అంటే నిజంగా ఎవరో బకెట్‌ని తన్నారన్నమాట. నన్‌బర్గ్, సాగ్, వాసో అనే ముగ్గురు భాషావేత్తలు 1994లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. "స్పిల్ ద బీన్స్"లో బీన్స్‌కి రహస్యం అనీ, స్పిల్‌కి బయటపెట్టడం అనీ ముక్కముక్కకీ ఒక అర్థం అతుకుతుంది కాబట్టి ముక్కల్ని కదపొచ్చు. బకెట్‌కి విడిగా ఏ అర్థమూ లేదు, కాబట్టి అది గడ్డకట్టుకుపోయింది.

అట్లాంటిక్‌కి అటూ ఇటూ

కొన్ని జంటల్లో తేడా కోసం వెతకడమే అనవసరం. బ్రిటన్‌లో "టచ్ వుడ్", అమెరికాలో "నాక్ ఆన్ వుడ్", రెండూ దిష్టి తగలకూడదని అనే మాటలే. చిన్న విషయానికి రేగే పెద్ద గొడవను బ్రిటన్‌లో "స్టార్మ్ ఇన్ ఎ టీకప్" అంటారు, అమెరికాలో "టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్" అంటారు. దేశం మారింది, అర్థం మారలేదు.

టెన్షన్ పెట్టేవి దీనికి తలకిందులుగా ఉండేవి, ఒకే మాట, రెండు ఎదురు అర్థాలు. సమావేశంలో ఒక అంశాన్ని "టేబుల్" చెయ్యడం అంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ అధికారులు ఒక పత్రాన్ని అత్యవసరంగా టేబుల్ చేద్దామంటే, అమెరికన్లు వద్దన్నారనీ, ఇద్దరూ కోరేది ఒకటేనని తెలిసేలోపు పెద్ద వాదనే జరిగిందనీ చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. "మూట్ పాయింట్" కూడా ఇలాంటిదే. లా విద్యార్థులకు మూట్ కోర్టు తెలుసు, వాదించడం నేర్చుకునే చోటు. బ్రిటిష్ వాడుకలో మూట్ పాయింట్ అంటే ఇంకా తేలని, వాదించదగ్గ విషయం. అమెరికాలో ఎక్కువగా, ఇక వాదించి ఉపయోగం లేని విషయం.

బొమ్మ ఊహించుకుంటే తేడా తెలుస్తుందా?

చాలామంది టీచర్లు జాతీయం వెనకున్న బొమ్మను ఊహించుకోమంటారు. దీని మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు.

బొమ్మ పనికొస్తుందనేవాళ్ల దగ్గర గట్టి ఆధారాలే ఉన్నాయి. భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో, మన రోజువారీ మాటల వెనక కొన్ని స్థిరమైన పోలికలు పనిచేస్తుంటాయని వాదించారు. తర్వాత లేకాఫ్ ఆ దారిలోనే కోపాన్ని తీసుకుని, అది మూతపెట్టిన పాత్రలో మరిగే ద్రవంలా మాటల్లో కనిపిస్తుందని చూపించాడు. ఆ బొమ్మ పెట్టుకుని చూస్తే "హాట్ అండర్ ద కాలర్" ఇంకా లోపలే కాగుతున్న కోపం, "లెట్ ఆఫ్ స్టీమ్" హాని లేకుండా ఆవిరి వదలడం, "బ్లో యువర్ స్టాక్" పేలిపోవడం అని వరసలో కనిపిస్తాయి. 1990లో గిబ్స్, ఓబ్రయన్ చేసిన ప్రయోగాల్లో ఒక జాతీయం విన్నప్పుడు వేర్వేరు మనుషులు చెప్పిన బొమ్మలు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉన్నాయి.

రెండో పక్షం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. 1995లో కైసర్, బ్లై ఒక చక్కటి ప్రయోగం చేశారు. "ద గూస్ హ్యాంగ్స్ హై" లాంటి, ఎవరికీ తెలియని పాత ఇంగ్లిష్ జాతీయాలు తీసుకున్నారు. దానికి అసలు అర్థం పరిస్థితులు బాగున్నాయని. కొందరికి ఆ అర్థమే నేర్పారు, కొందరికి పూర్తిగా ఎదురు అర్థం నేర్పారు. ఎవరికి ఏది నేర్పితే వాళ్లకు అదే సహజంగా, మాటల్లోంచే వచ్చినట్టు అనిపించింది. అంటే బొమ్మ వల్ల అర్థం తెలుస్తోందనుకుంటున్నాం గానీ, అర్థం ముందే తెలుసు కాబట్టి బొమ్మ దానికి సరిపోయినట్టు కనిపిస్తుండొచ్చు.

నాకు రెండూ కొంత నిజమే అనిపిస్తాయి. కోపం లాంటి గుంపుల్లో బొమ్మ తేడాను నిజంగానే చూపిస్తుంది. బకెట్ దగ్గర ఏమీ చూపించదు. సరిగ్గా ఏ జాతీయం ఏ రకమో ముందుగా చెప్పే మార్గం లేదన్నదే ఇబ్బంది.

అర్థమే కదులుతున్న చోట

చివరగా, ఇంగ్లిష్ వాళ్లే ఇప్పటికీ పోట్లాడుకుంటున్నవి రెండు.

"బెగ్ ద క్వశ్చన్" మూలం తర్కశాస్త్రంలో ఉంది, అరిస్టాటిల్ చెప్పిన ఒక దోషానికి లాటిన్ మీదుగా వచ్చిన అనువాదం. నిరూపించాల్సినదాన్నే ముందుగా నిజమని అనుకుని వాదించడం. "ఈ పుస్తకంలో అన్నీ నిజాలే, ఎందుకంటే పుస్తకంలోనే అలా రాసుంది" అన్నట్టు. ఇప్పుడు ఎక్కువమంది దాన్ని "రెయిజ్ ద క్వశ్చన్" అర్థంలో, అంటే ఒక ప్రశ్న పుట్టుకొస్తోందని చెప్పడానికి వాడుతున్నారు. పాత అర్థం పోతే ఒక పనికొచ్చే మాట పోయినట్టేనని ఒక పక్షం అంటుంది. ఆ ఇంగ్లిష్ రూపమే మొదట్లో సరైన అనువాదం కాదు, జనం వాడేదే అర్థమని ఇంకో పక్షం. నిఘంటువులు రెండు అర్థాలూ ఇస్తున్నాయి. వాక్యంలో దాని వెనక ఒక ప్రశ్న వరసగా వస్తే అది కొత్త వాడుక, అదొక్కటే అక్కడ కనిపించే గుర్తు.

"ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్" ఇంకా చిక్కు. నియమానికి తేడాగా ఏదో కనిపిస్తే, "మినహాయింపు ఉందంటే నియమం నిజమేనన్నమాట" అని దీన్ని వాడేస్తారు. అందులో తర్కమేమీ లేదు, తేడా కనిపిస్తే నియమం బలహీనపడాలి గానీ బలపడకూడదు. అందుకని కొందరు ఇక్కడ "ప్రూవ్" అంటే పరీక్షించడం అని సర్దిచెబుతారు. ఆ సర్దుబాటు దీని మూలంతో పొసగదు. క్రీ.పూ. 56లో, రోమన్ పౌరసత్వం చెల్లదన్న కేసులో బాల్బస్ అనే అతని తరఫున వాదిస్తూ రోమన్ వక్త సిసిరో చేసిన వాదన ఇది: కొన్ని ఒప్పందాల్లో ఫలానా జాతుల వాళ్లకు రోమన్ పౌరసత్వం ఇవ్వకూడదని ప్రత్యేకంగా రాశారంటే, అలా రాయని చోట ఇవ్వొచ్చనే కదా. "ఆదివారం పార్కింగ్ ఉచితం" అన్న బోర్డు చూసి, మిగతా రోజుల్లో డబ్బు కట్టాలని మనం అర్థం చేసుకోవడం అచ్చంగా ఆ తర్కమే. మిగతా రోజుల నియమం ఆ బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు, రాసిన మినహాయింపే దాన్ని చెబుతోంది.